రెండు రోజుల గవర్నరు పేరుతో ఒక కౌంటీ

1854 అక్టోబరు 16న, మిస్సోరి నది ఒడ్డున ఉన్న బెల్‌వ్యూ అనే చిన్న ఊళ్ళో, ప్రెస్బిటేరియన్ మిషనరీల ఇంట్లో, జబ్బుతో మంచం పట్టిన ఓ నలభై ఏడేళ్ల మనిషి నెబ్రాస్కా టెరిటరీకి తొలి గవర్నరుగా ప్రమాణం చేశాడు. ఆయన పేరు ఫ్రాన్సిస్ బర్ట్. 18వ తేదీన కన్నుమూశాడు. పదవిలో ఉన్నది రెండంటే రెండే రోజులు. ఒక్క కార్యాలయం తెరవలేదు, ఒక్క సభ జరపలేదు. అయినా నవంబరు 23న, బెల్‌వ్యూకు ఉత్తరాన నదిని ఆనుకుని ఉన్న ఒక విశాలమైన గడ్డినేలకు ‘బర్ట్ కౌంటీ’ అని పేరు పెట్టారు. ఆ నేల మీద ఆయన ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

రాష్ట్ర హోదా రాని ప్రాంతాలను అమెరికా అప్పట్లో టెరిటరీలుగా పాలించేది. గవర్నరును, కార్యదర్శిని, జడ్జీలను అక్కడి జనం ఎన్నుకునేవారు కాదు. అధ్యక్షుడు నియమించి పంపేవాడు. 1854 మే 30న అమల్లోకి వచ్చిన కాన్సాస్-నెబ్రాస్కా చట్టం ఆ రెండు టెరిటరీలను ఏర్పరచి, బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడేవాళ్ళే తేల్చుకోవాలంది. దాంతో దేశం అట్టుడికిపోయింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ గవర్నరు పదవిని మొదట కెంటకీకి చెందిన విలియం బట్లర్‌కు ఇవ్వజూపితే ఆయన వద్దన్నాడు. ఆ తర్వాత వంతు బర్ట్‌ది.

బర్ట్ దక్షిణ కరొలైనాలోని పెండిల్టన్ వాసి. అక్కడ పత్రిక నడిపాడు, రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. కేంద్రం చేసిన సుంకాల చట్టం తమ రాష్ట్రంలో చెల్లదని 1832లో తీర్మానించిన సభలోనూ ఆయన సభ్యుడు. అంటే దక్షిణాది రాజకీయాల్లో ఆరితేరినవాడు. సెప్టెంబరులో ఇల్లు వదిలి, దారిలోనే జబ్బుపడి, అక్టోబరు 7న బెల్‌వ్యూ చేరాడు. అప్పటి నుంచి బయట తిరిగే ఓపిక లేదు.

అసలు ఆ నేల అప్పటికి కొన్ని నెలల కిందటి దాకా ఒమాహా తెగ వారిది. 1854 మార్చి 16న వాషింగ్టన్‌లో కుదిరిన ఒప్పందంతో వాళ్ళు మిస్సోరి పడమటి ఒడ్డున తమ భూములను చాలావరకు అప్పగించి, ఉత్తరాన బ్లాక్‌బర్డ్ కొండల దగ్గర దాదాపు 3 లక్షల ఎకరాలు మాత్రం మిగుల్చుకున్నారు. టెరిటరీ చట్టం వచ్చింది ఆ సంతకాలు జరిగిన రెండున్నర నెలలకు. ఈ వరస గమనిస్తే కౌంటీ ఎలా పుట్టిందో తెలుస్తుంది: మొదట ఒప్పందం, తర్వాత చట్టం, ఆపైన మ్యాపు మీద గీతలు. ఊళ్ళు, మనుషులు అన్నిటికంటే చివర వచ్చారు.

ఆ గీతలు గీసినవాడు థామస్ కమింగ్. టెరిటరీ కార్యదర్శిగా వచ్చేనాటికి పాతికేళ్లవాడు. అయోవాలో పత్రికా సంపాదకుడిగా పనిచేశాడు. గవర్నరు పోవడంతో పాలన మొత్తం అతని చేతికొచ్చింది. ఆ హోదాలో అతను వెలువరించిన తొలి ప్రకటన బర్ట్ మరణవార్తే. భౌతికకాయాన్ని తోడిచ్చి పెండిల్టన్‌కు పంపించాడు. తర్వాత జనాభా లెక్కలు తీయించాడు, ఎనిమిది కౌంటీలు ప్రకటించాడు. వాటిలో ఒకదానికి పోయిన గవర్నరు పేరు, మరొకదానికి అధ్యక్షుడి పేరు పెట్టాడు.

లెక్కల్లో ప్లాట్ నదికి దక్షిణాన 1,818 మంది, ఉత్తరాన 914 మంది తేలారు. కమింగ్ సీట్లు పంచింది మాత్రం తలకిందులుగా. ప్రతినిధుల సభలో ఉత్తరాదికి 14, దక్షిణాదికి 12. ఎగువ సభలో 7, 6. రాజధాని ప్లాట్‌కు ఉత్తరాన ఉన్న ఒమాహా ఊరికి దక్కాలంటే ఉత్తరాది సీట్లు కావాలి. అవతలి ఒడ్డున అయోవాలో ఉన్న కౌన్సిల్ బ్లఫ్స్ వ్యాపారులూ, పడవల కంపెనీ వాళ్ళూ కోరుకుంటున్నది కూడా అదే. బర్ట్ కౌంటీలో అప్పటికి ఓటర్లు ఉన్నారనుకోవడమే కష్టం. ఆనాటి వారు తర్వాత చెప్పుకున్న దాని ప్రకారం, కౌన్సిల్ బ్లఫ్స్ నుంచి కొందరు బండి కట్టుకుని నది దాటి, దారిలో ఒకచోట ఆగి, తమలో తామే ఓట్లు వేసుకుని, బర్ట్ కౌంటీ ప్రతినిధులను గెలిపించుకుని తిరిగి వెళ్లారు. వాళ్ళు ఓట్లు వేసిన చోటు కౌంటీ హద్దుల్లో కూడా లేదట! 1855 జనవరి 16న ఒమాహాలో తొలి శాసనసభ కొలువు తీరింది. రాజధాని తమ ఊరికే వస్తుందని కళ్ళు కాయలు కాచేలా చూసిన బెల్‌వ్యూ వాళ్ళకు నిరాశే మిగిలింది.

కౌంటీకి నిజమైన కాపురస్తులు మెల్లగా వచ్చారు. న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన బెంజమిన్ ఫోల్సమ్, అతని తోటివారు 1854లోనే టెకామా ఊరికి పునాది వేశారు. అదే కౌంటీ కేంద్రమైంది. తర్వాతి దశాబ్దాల్లో స్వీడన్ నుంచి వలస వచ్చిన రైతులు ఓక్‌లాండ్ చుట్టుపక్కల భూములు దున్నారు. 1870ల్లో రైలు వచ్చింది. గడ్డినేల మొక్కజొన్న చేలుగా మారింది.

ఆ కాలంలో కౌంటీ పేర్లు ఏ మాత్రం నిలకడగా ఉండేవి కావు. కమింగ్ ప్రకటించిన ఎనిమిదిలో ఫోర్నీ కౌంటీ నెమాహాగానూ, పియర్స్ కౌంటీ ఓటోగానూ మారిపోయాయి. రెండో గవర్నరు ఐజార్డ్ ఆర్కన్సా నుంచి వచ్చిన దక్షిణాది మనిషి. అంతర్యుద్ధం నడుస్తుండగా, 1862లో ఆయన పేరిట ఉన్న కౌంటీకి ఆ పేరు తీసేసి లింకన్ ప్రభుత్వంలోని స్టాంటన్ పేరు పెట్టారు. అదే ఏడాది కాల్‌హౌన్ కౌంటీ కాస్తా అప్పటి గవర్నరు సాండర్స్ పేరిట మారింది. ఇంత మార్పులో, కేంద్రాన్ని ధిక్కరించిన దక్షిణ కరొలైనా సభలో కూర్చున్న బర్ట్ పేరు చెక్కుచెదరలేదు. ఆయన పాలించి ఎవరినీ నొప్పించలేదు, ఎవరి పక్షమూ వహించలేదు. పదవిలో ఏమీ చేయలేకపోవడమే ఆ పేరును కాపాడి ఉండవచ్చు. ఎన్నో వివాదాలకు కారణమైన కమింగ్ పేరు కూడా పక్క కౌంటీకి నిలిచింది. అతను 1858లో, ముప్పై నిండకుండానే పోయాడు. ఇవాళ ఆ రెండు కౌంటీలకూ ఒకే సరిహద్దు.

2010లో బర్ట్ కౌంటీ జనాభా 6,858. 2020 నాటికి 6,722. నెబ్రాస్కాలో చాలా కౌంటీల కార్ల నంబరు పలకల మీద మొదట కౌంటీ సంఖ్య ఉంటుంది. 1922లో ఏ కౌంటీలో ఎన్ని వాహనాలు ఉన్నాయో చూసి ఇచ్చిన వరస అది. కమింగ్‌కు 24, బర్ట్‌కు 31.

ఈ కౌంటీ బతుకును గవర్నర్ల కంటే ఎక్కువగా నడిపించింది మిస్సోరి నది. అది తరచూ దారి మార్చుకునేది. డెకేటర్ దగ్గర అయోవాకు వంతెన తలపెట్టినప్పుడు ఇంజనీర్లు దాన్ని పొడినేల మీదే కట్టారు. నదిని తర్వాత దాని కిందికి మళ్ళించాలన్నది పథకం. 1950ల మొదట్లో వంతెన సిద్ధమైనా కింద నీళ్ళు లేవు. నదిని మళ్ళించాక 1955లో గానీ అది అక్కరకు రాలేదు.

నది జరిగినప్పుడల్లా సరిహద్దు తగాదాలూ వచ్చాయి. ఒమాహా రిజర్వేషన్‌లోని కొంత భూమి, బ్లాక్‌బర్డ్ బెండ్ అనే చోట, నదికి అయోవా వైపు పడింది. అక్కడి తెల్ల రైతులు అది తమదన్నారు, తెగ వారు 1854 ఒప్పందం చూపించి తమదన్నారు. ఆ వ్యాజ్యం 1979లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చివరికి అందులో కొంత భాగం తెగకు దక్కింది. ఇప్పుడు అక్కడ వాళ్ళు కాసినో నడుపుతున్నారు. రిజర్వేషన్ నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు బర్ట్ కౌంటీలోకి దిగి, డెకేటర్ వంతెన మీదుగా నది దాటుతారు.