ఏడు టెస్టుల నాయుడు: నేను గెలిచిన ఒక వాదన

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు ముందు తప్పించుకోవాలనే చూశాను. ముప్పై ఏళ్ళుగా కాలువల గట్ల మీద తిరుగుతున్న నీటిపారుదల ఇంజనీరుని. నాకు రాయడం వచ్చిందల్లా ఎస్టిమేట్లు, కొలతల పుస్తకాలు. ఆయన ఊరుకోలేదు. "బడిలో నీకు వక్తృత్వంలో ప్రైజు వచ్చింది కదా, దాని గురించి రాయి" అన్నారు. ఆ ప్రైజు గురించే రాస్తున్నాను. అది నాకు రావలసిన ప్రైజేనా అన్న సందేహం నలభై ఏళ్ళుగా ఉంది కాబట్టి.

అది 1984. అంతకు ముందు ఏడాదే కపిల్ దేవ్ జట్టు ప్రపంచకప్పు గెలిచింది. నరసరావుపేటలో ఏ సందులో చూసినా తాటిమట్ట బ్యాటు, రబ్బరు బంతి. మన బడి వెనక ఖాళీ స్థలంలో సాయంత్రమయితే మూడు ఆటలు ఒకేసారి నడిచేవి, ఎవరి బంతి ఎవరిదో తెలిసేది కాదు. మా సోషల్ మాస్టారు ఆ పిచ్చిని చరిత్ర పాఠానికి వాడుకుందామనుకున్నారు. తొమ్మిదో తరగతిలో చర్చ పెట్టారు. "సి.కె. నాయుడు మన దేశపు మహా ఆటగాళ్ళలో ఒకరా, కాదా?" అన్నది అంశం.

ఔను అని మాట్లాడింది గురజాల వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే నా స్నేహితుడు. పేరు రాయను, మన బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు. కాదు అని మాట్లాడింది నేను.

నేను ఎవరి దగ్గరో జనరల్ నాలెడ్జి పుస్తకం అడిగి తెచ్చుకుని అంకెలు బట్టీపట్టి వెళ్ళాను. నాయుడు గారు ఆడిన టెస్టులు 7. ఇన్నింగ్స్ 14. పరుగులు 350. సగటు సరిగ్గా 25. సెంచరీ ఒక్కటీ లేదు, అత్యధికం 81. తీసిన వికెట్లు 9. కెప్టెన్‌గా 4 టెస్టులు, అందులో 3 ఓటమి, 1 డ్రా. "ఈ లెక్కలతో గవాస్కర్ పక్కన కూర్చోబెడదామా?" అని అడిగాను. తరగతి అంతా చప్పట్లు.

నా స్నేహితుడి దగ్గర అంకెలు లేవు. వాడు ఒకటే అన్నాడు: "బాలచంద్రుడు ఎన్ని యుద్ధాలు గెలిచాడు సార్? అయినా కారంపూడిలో వీరులకు ఇప్పటికీ ఉత్సవం చేస్తున్నాం కదా." నేను లేచి "అది కథ, ఇది లెక్క" అన్నాను. మళ్ళీ చప్పట్లు. ప్రైజు నాకిచ్చారు.

ఇంజనీరునయ్యాక మొదట నేర్చుకున్న విషయం, ఆ రోజు నేను చేసింది లెక్క కాదని. అంకెలు చదవడం వేరు, లెక్క కట్టడం వేరు. 14 ఇన్నింగ్స్‌కు సగటు తీస్తే అది ఎంత గట్టిదో చూడండి. వాటిలో ఏదో ఒక ఇన్నింగ్స్‌లో ఇంకో వంద పరుగులు చేసి ఉంటే 25 సగటు కాస్తా 32 దాటేది. ఆ 81 ఒక్కటి తీసేస్తే 21కి పడిపోతుంది. ఒక్క రోజు ఆటకు ఇంతగా ఊగిపోయే అంకెను పట్టుకుని మనిషిని తూచడం, కాలువలో ఒక పూట గేజి చూసి సంవత్సరం మొత్తం ప్రవాహం చెప్పడం లాంటిది.

అసలు ఆ ఏడు టెస్టులు ఎప్పుడు వచ్చాయి? కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ పోటీల్లో హిందూస్ జట్టు తరఫున ఫస్ట్ క్లాస్ ఆట మొదలుపెట్టారు. మన దేశం మొదటి టెస్టు ఆడింది 1932 జూన్ 25న, లార్డ్స్‌లో. అంటే పదహారేళ్ళు ఆడిన తరువాత, 36 ఏళ్ళు నిండాక ఆయనకు మొదటి టెస్టు. సచిన్ టెండుల్కర్ 16వ ఏట మొదలుపెట్టి, 36 వచ్చేసరికి ఇరవై ఏళ్ళ టెస్టు ఆట చూసేశాడు. నాయుడు గారి మంచి వయసంతా మనకు టెస్టు జట్టే లేని రోజుల్లో గడిచిపోయింది.

సాగర్ కుడి కాలువ మీద పనిచేసిన వాణ్ణి కాబట్టి నాకు ఇది ఇలా అర్థమవుతుంది. చివరి భూములకు నీళ్ళు ఆలస్యంగా, అరకొరగా చేరతాయి. అక్కడ పంట తక్కువ వచ్చిందని భూమి మంచిది కాదంటామా? పైన తూము ఎప్పుడు ఎత్తారు, ఎన్ని రోజులు వదిలారు అని ముందు అడుగుతాం. మన కుడి కాలువకు నీళ్ళు వదిలిన 1967లోనే, నవంబరు 14న, నాయుడు గారు ఇందూరులో కన్నుమూశారు.

ఆయనకు టెస్టుల్లో దొరికిన కొద్దిపాటి నీటితో ఏం పండించారో కూడా చూడాలి. లార్డ్స్‌లో ఫీల్డింగ్ చేస్తూ చేతికి దెబ్బ తగిలించుకుని, ఆ చేత్తోనే మొదటి ఇన్నింగ్స్‌లో 40 చేశారు. జట్టులో అదే ఎక్కువ. 1933 డిసెంబరులో బొంబాయిలో లాలా అమర్‌నాథ్ మన దేశానికి మొదటి టెస్టు సెంచరీ కొట్టినప్పుడు అవతలి వైపు నిలబడి 67 చేసింది నాయుడు గారే. ఆ 81 వచ్చింది 1936లో ఓవల్ మైదానంలో, ఆయన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో. గబ్బీ ఆలెన్ వేసిన బంతి దేహానికి బలంగా తగిలినా క్రీజు వదల్లేదు. అప్పటికి వయసు 40.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు ఈ వాదన మళ్ళీ గుర్తొచ్చింది. అక్కడ బేస్‌బాల్ ఆటకు న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఒక కీర్తిమందిరం ఉంది. అందులో చోటు దక్కాలంటే ఓటు వేసే పత్రికా రచయితల్లో నూటికి 75 మంది ఒప్పుకోవాలి. ఫలానా ఆటగాడు అర్హుడా కాదా అని ఇళ్ళల్లో, ఆఫీసుల్లో మన దగ్గర ఎన్నికల గురించి మాట్లాడుకున్నంత గట్టిగా వాదించుకుంటారు.

వాళ్ళకూ మన నాయుడు గారి లాంటి చిక్కే వచ్చింది. 1947 దాకా నల్లజాతి ఆటగాళ్ళను పెద్ద లీగుల్లో ఆడనివ్వలేదు. వాళ్ళు వేరే లీగులు పెట్టుకుని ఆడారు. సాచెల్ పేజ్ అనే గొప్ప పిచ్చర్‌కు పెద్ద లీగులో అవకాశం 1948లో, 42వ ఏట వచ్చింది. జాష్ గిబ్సన్‌కు అదీ రాలేదు. 1947 జనవరిలో 35వ ఏట చనిపోయాడు, మూడు నెలల తరువాత జాకీ రాబిన్సన్‌తో ఆ తలుపు తెరుచుకుంది. 1966లో టెడ్ విలియమ్స్ అనే తెల్లజాతి ఆటగాడు, తనకు కీర్తిమందిరంలో చోటిచ్చిన సభలోనే నిలబడి, వీళ్ళకూ చోటివ్వాలని అడిగాడు. 1971లో పేజ్, 1972లో గిబ్సన్ లోపలికి వచ్చారు. 2024లో ఆ వేరే లీగుల లెక్కల్నీ అసలు రికార్డుల్లో కలిపారు. కలిపిన రోజున ఒక శతాబ్దం పాటు అగ్రస్థానంలో ఉన్న టై కాబ్ 0.367 సగటును దాటి, గిబ్సన్ 0.372తో పైకి వచ్చాడు. ఆటగాడు మారలేదు, ఆట మారలేదు. ఏ పుస్తకం చూడాలన్నది మాత్రమే మారింది.

నాయుడు గారికీ ఆ రెండో పుస్తకం ఉంది. 207 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. 1932 ఇంగ్లండ్ పర్యటనలోనే ఫస్ట్ క్లాస్ ఆటల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు. ఆ ఆటకే మరుసటి ఏడు విజ్డెన్ సంచిక ఆయన్ని ఆ ఏటి అయిదుగురు క్రికెటర్లలో ఒకరిగా ఎన్నుకుంది. భారత జట్టుకు ఆడుతూ ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. హోల్కార్ జట్టుకు నాలుగు రంజీ ట్రోఫీలు గెలిచిపెట్టారు. 1953-54లో కొత్తగా రంజీ బరిలోకి దిగిన ఆంధ్ర జట్టుకు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆడారు. అరవై దాటాక కూడా రంజీలో అర్ధసెంచరీ చేశారు.

అయినా నిజాయితీగా వాదించాలంటే ఎదుటి పక్షం బలం కూడా చెప్పాలి. విజయ్ మర్చంట్ కూడా ఎక్కువ టెస్టులు ఆడలేదు, పదే. ఆ పదిలోనే సగటు 47 దాటింది, ఫస్ట్ క్లాస్‌లో 71 దాటింది. నాయుడు గారి ఫస్ట్ క్లాస్ సగటు 35.94. యాభై దాటాక ఆడిన ఆటలన్నీ అందులో కలిసే ఉన్నాయి, నిజమే. కానీ వాటిని మినహాయించుకున్నా మర్చంట్ అందనంత ఎత్తులో ఉంటాడు. కాబట్టి "అత్యుత్తమ బ్యాట్స్‌మన్ ఎవరు" అని పట్టిక రాస్తే నాయుడు గారి పేరు పైన ఉండదు. ఇంగ్లండ్‌లో ఆయన కొట్టిన సిక్సర్ ఒక కౌంటీలో లేచి పక్క కౌంటీలో పడిందని చెప్పుకునే ముచ్చటను కూడా నేను లెక్కలోకి తీసుకోను. అక్కడ ఏరే కౌంటీలకు సరిహద్దట. ముచ్చట బాగుంది, టేపు పెట్టి కొలిచినవాళ్ళు లేరు.

మరి ఎందుకు గొప్పవారు? నా సమాధానం 1926 డిసెంబరు 1. బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగన్ తెచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూస్ తరఫున నాయుడు గారు రెండు గంటల లోపే 153 చేశారు. 11 సిక్సర్లు. చెట్లెక్కి, మేడల మీద నిలబడి జనం చూశారు. ఎం.సి.సి. వాళ్ళే ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. భారతీయులు సొంతంగా బోర్డు పెట్టుకుని టెస్టులు ఆడగలరని గిల్లిగన్ ప్రోత్సహించాడు. 1928లో బోర్డు వచ్చింది, 1932లో టెస్టు వచ్చింది. ఆ ఒక్క ఇన్నింగ్స్ వల్లే ఇదంతా జరిగిందని అనను. తలుపు తెరవడానికి చాలామంది భుజం వేశారు. కానీ "వీళ్ళు మాతో సమానంగా ఆడగలరు" అన్న నమ్మకం అవతలివాళ్ళకు కలిగించిన ఆట అది. గిబ్సన్‌కు తలుపు తెరుచుకోలేదు. నాయుడు గారు తలుపు తెరవడంలో చేయి వేసి, తెరుచుకునేసరికి నడివయసు దాటి, అయినా లోపలికి మొదట అడుగుపెట్టారు.

ఆ అడుగు కూడా తేలిగ్గా పడలేదు. ఆ రోజుల్లో కెప్టెన్సీ రాజులకే. 1932 పర్యటనకు నాయకుడు పోరుబందరు మహారాజు. ఆయన టెస్టుకు తప్పుకుని, ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు కూడా ఆడలేని స్థితిలో ఉంటే నాయుడు గారికి పగ్గాలు దక్కాయి. 1936లో మళ్ళీ రాజుగారే వచ్చారు, అదీ మన విజయనగరం రాజకుమారుడు. ఆయన మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు. నలభై ఏళ్ళ నాయుడు గారు ఆయన కింద మూడు టెస్టులూ ఆడారు.

1994లో మన క్రికెట్ బోర్డు జీవితకాల సాఫల్య పురస్కారం పెట్టినప్పుడు దానికి నాయుడు గారి పేరే పెట్టింది. దాన్ని తరువాత గవాస్కర్, కపిల్ దేవ్ కూడా అందుకున్నారు. ఆయన్ని గవాస్కర్ పక్కన కూర్చోబెట్టాలా అని నేను తొమ్మిదో తరగతిలో వెక్కిరించాను. చివరికి గవాస్కరే ఆయన పేరున్న బహుమతి అందుకున్నాడు.

ఇక నా స్నేహితుడి సంగతి. మన బడిలో వాడంత వేగంగా బంతి వేసినవాడు ఇంకొకడు లేడు. జోనల్ జట్టుకు ఎంపిక జరిగిన రోజు వాడు ఊళ్ళో పత్తి తీతకు వెళ్ళాడు. మరుసటి ఏడు నాన్న పోవడంతో పదో తరగతి మధ్యలో చదువు మాని పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు పనికి పోయాడు. పోయిన సంక్రాంతికి కలిశాడు. ఆ చర్చ గుర్తుందా అని అడిగాను.

"ఉందిరా. నువ్వు చెప్పిన 25 తప్పా?"

"తప్పు కాదు."

"మరి నేను చెప్పిందీ తప్పు కాదుగా" అన్నాడు, నవ్వుతూ.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. స్వర్ణోత్సవం సందర్భంగా బడి హాలులో "మన ఘనులు" అని ఒక పాలరాతి పలక పెట్టాలని సంఘం నిర్ణయించింది. పేర్లు పంపమన్న కాగితంలో ర్యాంకు, హోదా, అవార్డు అని మూడు గడులు ఉన్నాయి. ఆ గడులు ఉండాలి. అవి కష్టపడి సంపాదించుకున్నవే, నా తోటివాళ్ళ పేర్లు చూస్తే నాకూ గర్వమే. నా మనవి ఒక్కటే. నాలుగో గడి కూడా పెట్టండి. ఎంతవరకు నీళ్ళు అందాయి, అందినంతలో ఏం పండించారు అని అడిగే గడి. వంటశాలలో ముప్పై ఏళ్ళు హాస్టల్ పిల్లలకు అన్నం పెట్టిన అమ్మ, ఊళ్ళో మొదటగా ఆడపిల్లల్ని బడికి పంపిన ఇంటివాళ్ళు, జోనల్ జట్టులో పేరు లేని ఫాస్ట్ బౌలరు, వీళ్ళ గురించి ఎవరైనా రాయడానికి చోటుండాలి. వాదించుకుందాం, కొన్ని పేర్లు నిలుస్తాయి, కొన్ని నిలవవు. వాదన జరగాలి.

మా సోషల్ మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ వ్యాసం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, ఆ ప్రైజు తిరిగి ఇచ్చేవాణ్ణి. అది ఒక స్టీలు గ్లాసు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఉత్సవం రోజున తెస్తాను, ఎవరికివ్వాలో అందరికీ తెలుసు.