సికింద్రాబాద్ చిన్న నెట్‌వర్కులు, వాటి కాపలా

సికింద్రాబాద్‌కు కంప్యూటర్ నెట్‌వర్కులు రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది రైల్వే దారి. దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ ఊళ్లో టికెట్ల రిజర్వేషన్ 1989లో కంప్యూటర్ల మీదికి మారింది. రైల్వే రిజర్వేషన్ కోసం ఇంప్రెస్ వ్యవస్థను తయారుచేసిన సీఎంసీ సంస్థకు ఇక్కడి సరోజినీదేవి రోడ్డులోనే పరిశోధన విభాగం ఉండేది. తర్వాత రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేరు 1994 సెప్టెంబరులో మొట్టమొదట పనిచేసింది సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలతో కలిసి అదంతా ఒకే వ్యవస్థ అయింది. కౌంటరులో గుమస్తా ముందు ఉండేవి తెర, కీబోర్డు, టికెట్ ప్రింటరు. ఫ్లాపీ పెట్టే చోటే లేదు కాబట్టి ఫ్లాపీ మీద వచ్చే వైరస్‌కు లోపలికి మార్గమూ లేదు.

రెండో దారి పార్క్ లేన్‌ది. పారడైజ్ కూడలికి దగ్గర్లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ పిలిచే పేరు సీటీసీ, 1990ల నుంచి జంటనగరాలకు కంప్యూటర్ విడిభాగాల బజారు. మదర్‌బోర్డు ఒక కొట్లో, హార్డ్ డిస్కు మరో కొట్లో కొని, అక్కడే బిగించి ఇచ్చే అసెంబుల్డ్ కంప్యూటర్లు డీటీపీ సెంటర్లకూ, ట్యుటోరియల్ కాలేజీలకూ, నర్సింగ్ హోమ్‌లకూ, ఆడిటర్ల ఆఫీసులకూ వెళ్లాయి. నాలుగైదు యంత్రాలు చేరగానే వాటిని కలపాల్సి వచ్చేది. నోవెల్ నెట్‌వేర్ గానీ విండోస్ ఎన్‌టీ గానీ ఎక్కించిన ఒక సర్వరు, గోడ వెంబడి సాగే కొయాక్సియల్ కేబులు, దాని రెండు చివర్లా టెర్మినేటర్లు: అప్పటి చిన్న నెట్‌వర్కు అంతే. మధ్యలో ఒక్క కనెక్టరు వదులైతే ఆఫీసంతా ఆగిపోయేది. దాన్ని చూసుకోవడానికి వేరే ఉద్యోగి ఉండడు. నలుగురిలో కాస్త ఎక్కువ తెలిసిన అకౌంటెంటో, ఏడాదికింత అని ఏఎంసీ ఒప్పందం మీద వచ్చే సర్వీస్ ఇంజనీరో ఆ బాధ్యత మోసేవాళ్లు. ఈ ఊళ్లో కంప్యూటర్ భద్రత చరిత్ర చాలామటుకు వాళ్ల చరిత్రే.

వాళ్లు ఎదుర్కొన్న తొలి శత్రువు ఫ్లాపీ మీద వచ్చింది. పీసీలకు సోకిన మొదటి వైరస్‌గా పేరుపడ్డ బ్రెయిన్ 1986లో లాహోర్‌లో పుట్టింది. అది ఫ్లాపీ బూట్ సెక్టారులో దాక్కునేది. 1990లో మన దేశంలో బయటపడ్డ జోషి వైరస్ కూడా బూట్ సెక్టారు జాతిదే. ఏటా జనవరి 5న అది కంప్యూటర్‌ను నిలిపేసి, జోషికి పుట్టినరోజు శుభాకాంక్షలు టైపు చేస్తే తప్ప కదలనిచ్చేది కాదు. ఇలాంటి వైరస్‌కు ఎవరూ ఏ ఫైలూ తెరవాల్సిన పనిలేదు. రాత్రి డ్రైవులో మరిచిపోయిన ఫ్లాపీతో పొద్దున యంత్రం ఆన్ చేస్తే చాలు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో దిద్దిన పుస్తకాలూ కరపత్రాలూ డీటీపీ సెంటర్ నుంచి ప్రెస్సుకు ఫ్లాపీ మీదే వెళ్లి, దిద్దుబాట్లతో మళ్లీ ఫ్లాపీ మీదే తిరిగొచ్చేవి. పని ఎటు నడిస్తే వైరస్ అటే నడిచింది. ఆ మాటకొస్తే అందరికంటే ఎక్కువ యంత్రాల్లోకి వెళ్లేది బాగుచేసేవాడి ఫ్లాపీయే. ఉదయం ఒక ఆఫీసులో అంటుకున్నది సాయంత్రానికి ఇంకో ఆఫీసుకు చేరడానికి అదొక్కటీ చాలు. అందుకే ఇంజనీర్లు నేర్చుకున్న మొదటి రక్షణ సాఫ్ట్‌వేరు కాదు. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ అంచున ఉండే గాటు మీద చిన్న స్టిక్కరు అంటిస్తే డ్రైవు దాని మీద రాయలేదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో అదే పనిని మూలనున్న చిన్న మీట చేసేది. శుభ్రమైన యంత్రంలో తయారుచేసి, ఇలా రాతకు తాళం వేసిన బూట్ ఫ్లాపీ ఒకటి సంచిలో ఉన్నవాడే నమ్మదగ్గ ఇంజనీరు. ఖర్చులేని ఈ జాగ్రత్త ఆ రోజుల్లో ఏ పెట్టె సాఫ్ట్‌వేరుకూ తీసిపోలేదు.

యాంటీవైరస్ తయారీ మన దేశంలోనూ ఈ కాలంలోనే ఎదిగింది. చెన్నైలో కేశవర్ధనన్ 1991లో కే7 కంప్యూటింగ్ మొదలుపెట్టారు. పుణెలో కాల్క్యులేటర్లు బాగుచేసే పనితో జీవితం ప్రారంభించిన కైలాష్ కాట్కర్, ప్రోగ్రాములు రాసే తమ్ముడు సంజయ్ కలిసి 1990ల మధ్యలో క్విక్ హీల్ తెచ్చారు. రిపేరుకొచ్చే యంత్రాల్లో పదే పదే కనిపించే వైరస్‌లే దానికి ప్రేరణ. ఈ సాఫ్ట్‌వేర్లు తమ దగ్గరున్న వైరస్ గుర్తుల జాబితాతో డిస్కులోని ఫైళ్లను పోల్చి చూస్తాయి. జాబితా పాతబడితే కొత్త వైరస్ కళ్ల ముందున్నా పట్టుకోలేవు. ఇంటర్నెట్ లేని ఆఫీసుకు ఆ జాబితా ఫ్లాపీ మీదే రావాలి. దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైనా, డయలప్ వేగంతో ఆ ఫైళ్లు దించుకోవడం ఓపికతో కూడిన పని. అందుకే పీసీక్వెస్ట్ లాంటి పత్రికలతో వచ్చే సీడీలు చిన్న ఆఫీసుల వాళ్లకు పెద్ద ఆసరా అయ్యాయి. తెలుగులో ఆ ఖాళీని తర్వాత కంప్యూటర్ ఎరా మాసపత్రిక కొంత పూడ్చింది. ఇంగ్లిష్ మాన్యువళ్లు చదవలేని కుర్రాళ్లకు అది చేసిన మేలు తక్కువది కాదు.

1999 ఏప్రిల్ 26, సోమవారం. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజున విరుచుకుపడింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కావడంతో దానికి ఆ పేరే స్థిరపడింది. ఆసియా దేశాలు ఎక్కువగా నష్టపోయాయి. అది హార్డ్ డిస్కు మొదటి భాగాన్ని చెరిపేసేది. దాంతో పార్టిషన్ల వివరం పోయి డిస్కు ఖాళీగా కనిపించేది. కొన్ని మదర్‌బోర్డుల్లో బయాస్ చిప్‌లోని ప్రోగ్రామును కూడా పాడుచేసేది కాబట్టి అలాంటి యంత్రం ఆన్ చేసినా తెర మీద ఏమీ రాదు. సాఫ్ట్‌వేరుతో యంత్రం భాగమే పనికిరాకుండా పోవడం ఇక్కడివాళ్లకు కొత్త. చిప్ మార్చడమో, పీకి ప్రోగ్రామరు మీద మళ్లీ రాయించడమో తప్ప మందు లేదు. విడిభాగాల బజారు పక్కనే ఉన్నవాళ్లకు అది ఒక విధంగా తేలిక. పోయిన లెక్కల పుస్తకాలు తెచ్చిచ్చే బజారు మాత్రం ఎక్కడా లేదు. యాంటీవైరస్ ఒక్కటే చాలదనీ, వేరేచోట దాచిన నకలే అసలు రక్షణ అనీ ఈ సంఘటన తేల్చింది.

2003 నాటికి ముప్పు తీగ వెంబడి కూడా వస్తోంది. ఆ ఆగస్టులో వ్యాపించిన బ్లాస్టర్ వార్మ్ ఎవరి చేయీ తగలకుండానే విండోస్ ఎక్స్‌పీ యంత్రాల్లో దూరింది. అరవై సెకన్లలో యంత్రం ఆగిపోతుందంటూ గడియారం తెర మీద తిరుగుతుంటే, షట్‌డౌన్ మైనస్ ఏ అని టైపు చేసి దాన్ని ఆపి, ఆ వ్యవధిలో ప్యాచ్ ఎక్కించడం ఇంజనీర్లు కంఠస్థం చేసిన చిట్కా. అసలు బలహీనత వేరేచోట ఉంది. ధర కోసం నకిలీ విండోస్ ఎక్కించుకున్న యంత్రాలకు అప్‌డేట్లు ఆపేసేవాళ్లు. మరుసటేడు వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను తనంతట తానే ఆన్ చేసినా, ఆ యంత్రాల్లో చాలావాటికి అది చేరలేదు. ఇంటర్నెట్ సెంటర్ల వాళ్లు డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేరు వేసుకున్నారు. రీస్టార్ట్ చేయగానే డిస్కు ముందున్న స్థితికి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఫ్లాపీ పాత్రను పెన్ డ్రైవ్ తీసుకుంది. ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న ఎగ్జి ఫైళ్లు, పెట్టగానే నడిచే ఆటోరన్, 2008 చివర్లో కాన్‌ఫికర్ వార్మ్: జిరాక్స్ సెంటర్ నుంచి కాలేజీ ల్యాబుకు, అక్కణ్నుంచి ఇంటికి, పాత ఫ్లాపీ దారే మళ్లీ తెరుచుకుంది.

ప్రభుత్వ వ్యవస్థ నెమ్మదిగా వచ్చి చేరింది. ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చి, వైరస్ ఎక్కించడాన్ని పరిహారం చెల్లించాల్సిన తప్పుగా నిర్వచించింది. కంప్యూటర్ భద్రతా ఘటనలను చూసే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2004 జనవరిలో పని ప్రారంభించింది. 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత పరికరాలను అందుబాటులోకి తెచ్చింది. వాటిలో పెన్ డ్రైవ్‌లను అదుపుచేసే యూఎస్‌బీ ప్రతిరోధ్, ఫోన్లకు ఎం-కవచ్ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్‌కు చెందిన మన హైదరాబాద్ కేంద్రం తయారుచేసినవే. చిన్న ఆఫీసుల్లో వీటి పేరు విన్నవాళ్లు ఇంకా తక్కువే కావడం విచారించాల్సిన సంగతి.

ఆ కేంద్రం మొదలై మూడు నెలలు తిరక్కుండానే, 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వచ్చింది. దానికి విరుగుడైన ప్యాచ్ మార్చిలోనే విడుదలైంది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు తాళం పడి నిలిచిపోయాయి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ సహకార బ్యాంకు నుంచి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు. ఉద్యోగులకు పంపిన మోసపు మెయిళ్లలోంచి రిమోట్ యాక్సెస్ ప్రోగ్రాము లోపలికి చేరిందనీ, నెట్‌వర్కుకు తగిన రక్షణలు లేవనీ పోలీసులు తేల్చారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఈ మధ్యలో బజారు కూడా మారింది. 2012లో విండోస్ 8తో డిఫెండర్ అనే యాంటీవైరస్ సిస్టంలోనే భాగమై రావడంతో పెట్టెల్లో అమ్మే యాంటీవైరస్ గిరాకీకి గండిపడింది. నెట్‌వర్కు చూసేవాళ్ల పని లైసెన్స్ కీ ఎక్కించడం దాటి, ఎవరికి ఏ అనుమతి ఉండాలి, నకళ్లు తిరిగి తెరుచుకుంటున్నాయా, లాగ్‌లు ఎక్కడ నిల్వ అవుతున్నాయి అనే ప్రశ్నల వైపు జరిగింది. సైబర్ దాడిని 6 గంటల్లో తెలియజేయాలనీ, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. చిన్న, మధ్యతరహా సంస్థలకు సిద్ధపడడానికి అదే ఏడాది సెప్టెంబరు 25 దాకా గడువు ఇచ్చింది.