ఇక్కడ హ్యాండ్‌బ్యాగ్ తుపాకీ ఎందుకు దొరకదు?



పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు పెట్టిన మెసేజ్ మీకు గుర్తుండే ఉంటుంది. టెక్సాస్‌లో ఉన్న వాళ్ళ పిన్ని కూతురు హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టే చిన్న పిస్టల్ కొనుక్కుందట, ఫోటో కూడా పంపిందట. "నైట్ డ్యూటీ అయ్యాక కార్ పార్క్ దాకా నడవాలంటే భయంగా ఉంటుంది. ఇక్కడ మనకి అలాంటివి దొరకవా అక్కా?" అని అడిగింది. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు, కొందరు కోప్పడ్డారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదహారేళ్ళుగా మెల్‌బోర్న్‌లో నర్సుగా చేస్తున్నాను. తాళం చెవులు వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని కారు దాకా నడిచిన రాత్రులు నాకూ ఉన్నాయి.

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, దొరకదు. ఆత్మరక్షణ కోసం అని రాస్తే ఈ దేశంలో తుపాకీ లైసెన్స్ ఇవ్వరు. అది చాలా మందికి తెలుసు. అయితే తుపాకీ ఎంత పొట్టిగా ఉండకూడదో కూడా ఇక్కడ చట్టం మిల్లీమీటర్లలో కొలిచి చెప్పిందని మీకు తెలుసా? ఆ కొలత ఎలా వచ్చిందో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు 1987కి వెళ్దాం. ఆ ఏడాది ఆగస్టులో మెల్‌బోర్న్ హాడిల్ స్ట్రీట్‌లో ఒకడు రోడ్డు పక్కన నక్కి కాల్పులు జరిపితే ఏడుగురు పోయారు. డిసెంబరులో అదే ఊళ్ళో క్వీన్ స్ట్రీట్‌లో మరో ఘోరం జరిగింది. అప్పుడు ప్రధాని, ముఖ్యమంత్రులు కూర్చుని మాట్లాడుకున్నారు కానీ దేశమంతటికీ ఒకే చట్టం కుదరలేదు. ఇక్కడ తుపాకీ చట్టం రాష్ట్రాల చేతిలో ఉంటుంది మరి. విసిగిపోయిన న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ బారీ అన్స్‌వర్త్, టాస్మేనియాలో ఒక ఊచకోత జరిగితే గానీ ఈ దేశానికి బుద్ధి రాదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. తుపాకీల మీద కఠినంగా ఉంటానన్న ఆయన 1988 ఎన్నికల్లో ఓడిపోయాడు.

ఆయన నోటి మాటే నిజమైంది. 1996 ఏప్రిల్ 28, ఆదివారం. టాస్మేనియాలో పోర్ట్ ఆర్థర్ అనే పాత జైలు ఊరు. మనం పిల్లల్ని తీసుకుని సెలవులకి వెళ్ళే చోటే. ఆ రోజు ఒక్కడి చేతిలో 35 మంది చనిపోయారు. చనిపోయిన వాళ్ళలో ఒక తల్లి, ఆవిడ ఇద్దరు చిన్న కూతుళ్ళు కూడా ఉన్నారు. ఆ పిల్లల తండ్రి తర్వాత వాళ్ళ పేర్లతోనే 'అలానా అండ్ మాడలిన్ ఫౌండేషన్' పెట్టాడు. మీ పిల్లల బడిలో ఆ పేరు మీరు వినే ఉంటారు, పిల్లలపై హింస, వేధింపులు ఆపడానికి అది ఈనాటికీ పని చేస్తోంది.

ప్రధాని జాన్ హోవర్డ్ గెలిచి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆయనది సంప్రదాయవాద పార్టీ, కూటమిలో ఉన్నది రైతుల ఓట్లతో గెలిచే నేషనల్ పార్టీ. అయినా పన్నెండు రోజుల్లో, మే 10న, అన్ని రాష్ట్రాల పోలీసు మంత్రుల్నీ ఒక ఒప్పందానికి తెచ్చారు. అదే నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ అగ్రిమెంట్. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు, షాట్‌గన్‌లు మామూలు జనానికి బంద్. ప్రతి తుపాకీకీ రిజిస్ట్రేషన్. కొనాలంటే 'సరైన కారణం' చూపాలి, ఆత్మరక్షణ ఆ కారణాల్లోకి రాదు. తుపాకీ కొనడానికి పర్మిట్ రావాలంటే 28 రోజులు ఆగాలి.

అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. పల్లెల్లో జనం మండిపడ్డారు. ఆ జూన్‌లో విక్టోరియాలోని సేల్ అనే ఊళ్ళో తుపాకీ యజమానుల సభకు హోవర్డ్ కోటు లోపల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తొడుక్కుని వెళ్ళాడు. నేషనల్ పార్టీ నాయకుడు టిమ్ ఫిషర్ సొంత ఓటర్ల కోపమే మోశాడు. తర్వాత ఏడాది పాటు ప్రభుత్వం డబ్బిచ్చి తుపాకులు వెనక్కి తీసుకుంది. 6 లక్షల 40 వేలకు పైగా వచ్చాయి. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? మనం టాక్స్ రిటర్న్‌లో చూసే మెడికేర్ లెవీ ఉంది కదా, దాన్ని ఒక్క ఏడాదికి 1.5 శాతం నుంచి 1.7 శాతం చేశారు. అంటే సంపాదించే వాళ్ళలో చాలా మంది తలా కాస్త వేసి ఆ తుపాకులు కొని కరిగించారన్నమాట.

ఇంతవరకు చాలా మందికి తెలిసిన కథే. మన చెల్లెలి ప్రశ్నకు అసలు జవాబు దీని తర్వాత ఉంది.

1996 చట్టం దృష్టి అంతా పొడుగు తుపాకుల మీదే. పిస్టళ్ళ మీద అప్పటికే ఎన్నో దశాబ్దాలుగా కట్టుదిట్టాలు ఉన్నాయి. షూటింగ్ క్లబ్ సభ్యులకు, సెక్యూరిటీ ఉద్యోగులకు, ఇలా కొద్ది మందికే ఇచ్చేవాళ్ళు. అది చాలులే అనుకున్నారు. చాలదని 2002 అక్టోబర్ 21న తెలిసింది.

క్లేటన్ అంటే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మన పిల్లలు ఎంతమంది అక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకున్నారో లెక్కలేదు. ఆ రోజు మొనాష్ యూనివర్సిటీ క్లేటన్ క్యాంపస్‌లో, మెన్జీస్ బిల్డింగ్ ఆరో అంతస్తులో ఎకనామెట్రిక్స్ క్లాసు జరుగుతోంది. ఒక విద్యార్థి లేచి పిస్టల్ తీసి కాల్చాడు. ఇద్దరు విద్యార్థులు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఇంకా ఎక్కువ మంది పోకపోవడానికి కారణం, తూటా తగిలిన ఆ లెక్చరరే వాడి చేతులు పట్టేసుకోవడం, మరికొందరు తోడు రావడం. తర్వాత చూస్తే వాడి దగ్గర ఒకటి కాదు, చాలా పిస్టళ్ళున్నాయి. అన్నీ లైసెన్స్ మీద కొన్నవే. షూటింగ్ క్లబ్ సభ్యుడిగా చట్ట ప్రకారమే కొన్నాడు. బట్టల్లో, బ్యాగ్‌లో దాచుకుని క్లాసులోకి వచ్చేశాడు.

మా అమ్మాయి మొనాష్‌లో చేరిన రోజు నేనూ ఆ బిల్డింగ్ కింద నిలబడ్డాను. పిల్లలు కాఫీలు పట్టుకుని నవ్వుకుంటూ పోతున్నారు. పైకి, ఆరో అంతస్తు కిటికీల వైపు చూశాను. అమ్మాయికి ఏమీ చెప్పలేదు.

ఆ ఘటన తర్వాత రెండు నెలలు తిరక్కుండానే రాష్ట్రాలు, కేంద్రం మళ్ళీ కూర్చున్నాయి. ఈసారి ప్రశ్న వేరు. పిస్టల్‌లో భయపెట్టేది ఏమిటి? దాచగలగడం. రైఫిల్ పట్టుకుని వస్తే దూరం నుంచే కనిపిస్తుంది. పిస్టల్ జేబులో ఇమిడిపోతుంది. అందుకని ఆ దాచే గుణం మీదే కొలత పెట్టారు. క్రీడ కోసం కొనే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ గొట్టం 120 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉండకూడదు. రివాల్వర్ అయితే 100 మిల్లీమీటర్లు. మేగజైన్‌లో పది తూటాలకు మించకూడదు. కాలిబర్ .38 దాటకూడదు, కొన్ని గుర్తింపు ఉన్న పోటీలకు మాత్రం మినహాయింపు. 2003లో మళ్ళీ డబ్బిచ్చి వెనక్కి తీసుకుంటే దాదాపు 70 వేల పిస్టళ్ళు వచ్చాయి.

పిల్లల స్కూలు స్కేలు తీసి 12 సెంటీమీటర్లు చూడండి. అది ఒక్క గొట్టం పొడవే. దానికి పిడి, వెనక భాగం కలిపితే హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ పక్కన పెట్టుకునే వస్తువు కాదది. టెక్సాస్ ఫోటోలో ఉన్న 'కాంపాక్ట్' రకం ఇక్కడ షూటింగ్ క్లబ్ సభ్యులకు కూడా దొరకదు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. గ్లాక్ అనే కంపెనీ ఆస్ట్రియాది. (మన ఊళ్ళో వాళ్ళు ఆస్ట్రియా, ఆస్ట్రేలియా ఒకటే అనుకుంటారు, మా మావయ్య ఇప్పటికీ అంతే!) వాళ్ళ పేరున్న మోడల్ గ్లాక్ 17కి గొట్టం 114 మిల్లీమీటర్లు. మన చట్టానికి ఆరు మిల్లీమీటర్లు తక్కువ. దాంతో కంపెనీ గొట్టాన్ని కాస్త సాగదీసి 17ఎ అని ఈ దేశం కోసం ఒక మోడల్ చేసింది. చట్టం గట్టిగా నిలబడితే వ్యాపారమే దానికి తగ్గట్టు కొలతలు మార్చుకుంటుంది. అమెరికాలో కూడా కాలిఫోర్నియాలో 2001 నుంచి ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకున్న పిస్టళ్ళ జాబితా ఉంది, షాపుల్లో కొత్తవి అందులోవే అమ్మాలి. కానీ అక్కడ ప్రశ్న 'ఏ చిన్న తుపాకీ కొనుక్కోవచ్చు' అని. ఇక్కడ ప్రశ్న 'అసలు చిన్నది ఎందుకు' అని.

మన దేశం సంగతేమిటి అంటారా? నిర్భయ ఘటన తర్వాత, 2014 జనవరిలో, కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, .32 బోర్, ధర లక్షా 22 వేల రూపాయలకు పైమాటే. బస్సులో వెళ్ళే అమ్మాయికి జరిగిన ఘోరానికి జవాబుగా, బస్సు ఎక్కే ఏ అమ్మాయీ కొనలేని వస్తువు! పైగా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కోసం తిరగాలి. అప్పట్లోనే చాలా మంది ఆడవాళ్ళు ఇదేం రక్షణ అని అడిగారు.

తుపాకీ చేతికి తేలిగ్గా అందే చోట ఏమవుతుందో మన తెలుగు ఇళ్ళకి తెలియనిది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేత్‌లో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒకడు పిస్టల్‌తో కాల్చి చంపాడు. ఆయన భార్య సునయన ఆ తర్వాత ద్వేషానికి వ్యతిరేకంగా నిలబడి మాట్లాడింది. ఆ రాత్రి శ్రీనివాస్ దగ్గర కూడా ఒక పిస్టల్ ఉండి ఉంటే బతికేవాడా? వెనక్కి తిరిగే వ్యవధి అయినా దొరికేదా? నాకు నమ్మకం లేదు.

అలాగని ఇక్కడి చట్టం అన్నిటినీ ఆపేసిందని చెప్పను. 2018 జూలైలో సిడ్నీ దగ్గర వెస్ట్ పెన్నంట్ హిల్స్‌లో, విడిపోయిన భార్య ఇంటికి వచ్చి ఒక తండ్రి సొంత కొడుకునీ కూతురినీ పిస్టళ్ళతో చంపేశాడు. 15, 13 ఏళ్ళ పిల్లలు. కొన్ని నెలల్లోనే ఆ తల్లి కూడా లేకుండా పోయింది. ఆ పిస్టళ్ళు కూడా లైసెన్స్ ఉన్నవే, చట్టం చెప్పిన పొడవు ఉన్నవే. అతని హింస గురించి పోలీసు రికార్డుల్లో ఉంది. ఒక క్లబ్ వద్దంటే ఇంకో క్లబ్‌లో చేరాడు. లైసెన్స్ ఇచ్చే రిజిస్ట్రీ ఆ రికార్డును చూడాల్సినట్టు చూడలేదు. ఆ చావులు ఆపగలిగినవేనని 2021లో కరోనర్ తేల్చి చెప్పారు.

చెల్లీ, నీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడుంది. మనం భయపడేది కార్ పార్క్‌లో ఎదురయ్యే ముక్కూమొహం తెలియని వాడికి. కానీ ఆడవాళ్ళకి ఎక్కువ ప్రమాదం ఇంటి తాళం చెవి ఉన్నవాడి నుంచి, లేదా ఒకప్పుడు ఉన్నవాడి నుంచి. ఇంట్లో చిన్న తుపాకీ ఉంటే అది నీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుందని ఎవరు చెప్పారు? అది ఎవరి చేతికి ముందు అందుతుంది? మా హాస్పిటల్ పనిలో ఇంటి హింస గురించి అడిగే ప్రశ్నల్లో ఆయుధాలు అందుబాటులో ఉన్నాయా అన్నది ఒకటి. ఊరికే పెట్టలేదు ఆ ప్రశ్న.

అందుకని ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి, తెలిసిన వాళ్ళకి చెప్పండి.

ఇంట్లో హింస ఉండి, ఆ మనిషికి తుపాకీ లైసెన్స్ ఉంటే, పోలీసులకి ఆ మాట ముందే చెప్పండి. న్యూ సౌత్ వేల్స్‌లో కోర్టు తాత్కాలిక ఏవీఓ ఇచ్చినా లైసెన్స్ ఆగిపోతుంది. విక్టోరియాలో ఇంటర్వెన్షన్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మెజిస్ట్రేట్ లైసెన్స్ రద్దు చేయగలరు. మీరు చెప్తేనే వాళ్ళకి తెలుస్తుంది.

ప్రాణాపాయం అయితే 000. మాట్లాడే మనిషి కావాలంటే 1800 737 732, అది 1800రెస్పెక్ట్, రాత్రీ పగలూ ఉంటారు. ఇంగ్లీషు రాకపోతే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్' అని అడగండి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెప్పర్ స్ప్రే సూట్‌కేసులో పెట్టకండి. చాలా రాష్ట్రాల్లో అది కూడా నిషిద్ధ ఆయుధమే.

పాత ఇల్లు కొన్నప్పుడు షెడ్‌లో తుపాకీ దొరికితే ముట్టుకోకుండా పోలీసులకి ఫోన్ చేయండి. 2021 జూలై నుంచి దేశమంతా శాశ్వత ఆమ్నెస్టీ ఉంది, దొరికిన తుపాకీని అప్పగిస్తే దాన్ని దగ్గర పెట్టుకున్నారని కేసు పెట్టరు.

ఇక నైట్ డ్యూటీ కార్ పార్క్ సంగతి. మా వార్డులో మేము నలుగురం కలిసి కిందికి దిగుతాం, లేకపోతే సెక్యూరిటీకి ఫోన్ చేస్తాం. మొదట్లో సిగ్గుపడేవాళ్ళం, ఇప్పుడు లేదు. చెల్లీ, నీ షిఫ్ట్ టైమింగ్స్ గ్రూపులో పెట్టు. నీ హాస్పిటల్ దగ్గర ఉండే వాళ్ళు మనలో ముగ్గురున్నారు. నువ్వు కారెక్కి తలుపు వేసుకునే దాకా ఎవరో ఒకరం ఫోన్‌లో ఉంటాం.