విశ్వాసమును సత్క్రియయు: ఒంగోలు కరువునాటి నిదర్శనము

క్రైస్తవ జీవితమున విశ్వాసమునకును సత్క్రియలకును గల సంబంధమెట్టిదను ప్రశ్న మిగుల ప్రాచీనమైనది. మనుష్యుడు దేవుని యెదుట నీతిమంతుడుగా నెంచబడుట విశ్వాసము వలననే గాని తన పనుల వలన గాదని పౌలు రోమీయులకు బోధించెను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక ఆశీర్వచనము మాత్రము పలికి పంపువాని విశ్వాసము దేనికి పనికివచ్చునని యాకోబు తన పత్రికలో ప్రశ్నించెను. లూథరు పౌలు పక్షము వహించి 1522లో యాకోబు పత్రికను తేలికపఱచి వ్రాసెను. కాని అంతకు రెండేండ్లకు ముందే, అనగా 1520లో, సత్క్రియలను గూర్చి ఒక గ్రంథమునే రచించి, అవి విశ్వాసమునుండి పుట్టవలెనని చెప్పియుండెను. ఈ వివాదము నాలుగు శతాబ్దములకు పైగా సాగిన పిమ్మట, 1999 అక్టోబరు 31న లూథరను సంఘముల సమాఖ్యయు రోమను కథోలిక సంఘమును ఆగ్స్‌బర్గు నగరమున ఉమ్మడి ప్రకటనపై చేవ్రాలు చేసినవి.

ఇది పండితుల వాదమున గాక ఆకలి యెదుట పరీక్షింపబడిన సందర్భమొకటి మన దేశముననే కలదు. అది ఒంగోలు ప్రాంతమున జరిగినది. ఆ సీమ నాడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో చేరి, 1970 తరువాత నేటి ప్రకాశము జిల్లా అయినది. అమెరికా బాప్తిస్టు మిషనునకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో అచ్చట కాపురముండ వచ్చెను. ఆయన యెద్దకు వచ్చినవారిలో మాదిగలు ముఖ్యులు. వారికి తొలిదారి చూపినవాడు యర్రగుంట్ల పేరయ్య.

వీరిని గూర్చి లోకము వేసిన నింద మనమెఱిగినదే. కూటికొఱకు మతము పుచ్చుకొనిరనుట ఆ నింద. ఇది నిజమైనచో రెండు దోషములు సిద్ధించును: అన్నము పెట్టినవాని క్రియ ఎర యగును, తిన్నవాని విశ్వాసము బేర మగును. కావున చరిత్రను నిదానముగా విచారింతము.

మొదట కరువునకు పూర్వపు సంగతి. చేరినవారికి క్లౌ దొర విధించిన నియమములు మూడు: ఆదివారము పని మానుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములను పూజింపకుండుట. ఇవి చూచుటకు సులభములు. కాని గ్రామ జాతరలో డప్పు కొట్టుట మాదిగల విధిగా నుండెను. పిలిచిన దినమున పనికి పోవుట వారి కట్టుబాటు. కాదన్న వారిపై కరణములు, మునసబులు, కాపులు ఆగ్రహించిరి. నూతినీరు వారికి నిషిద్ధమయ్యెను. చాకలి, కుమ్మరి మొదలగువారి సహాయము మానిపింపబడెను. అబద్ధపు నేరములును మోపబడెను. కరువు రాకమునుపే ఇట్టి నష్టమును సహించినవారు లాభమును జూచి వచ్చిరనుట ఎట్లు పొసగును? వారికి విశ్వాసము వేఱు, క్రియ వేఱు కాలేదు. డప్పు పట్టనని చెప్పుటయే వారి మొదటి సత్క్రియ.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు ధాత కరువు వచ్చినది. మద్రాసు రాజధానిలో లక్షలమంది ప్రాణములు గోల్పోయిరి. అప్పుడు క్లౌ దొర సముద్రతీరమున ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును కంట్రాక్టుకు తీసికొనెను. తొలి వయస్సున ఆయన భూమికొలత పని చేసినవాడు గనుక ఆ పని ఆయనకు కొత్తగాదు. తన బోధకులను మేస్త్రీలుగా నియమించి, క్రైస్తవులకే గాక వచ్చిన ఇతరులకును కూలి యిప్పించెను. ఇతర చోటుల కూలివాండ్రు మేస్త్రీల తిట్లును దెబ్బలును తినుచుండగా, ఇచ్చట వారు మనుష్యులుగా చూడబడిరి. దినదినము బోధకుల నోట క్రీస్తు మాట వినిరి. తమకును బాప్తిస్మ మిమ్మని వేలమంది అడిగిరి.

ఇక్కడనే అసలు పరీక్ష వచ్చినది. 1877 మార్చి మొదలు 1878 జూన్ వఱకు, అనగా కరువు సహాయము సాగినంతకాలము, క్లౌ దొర ఒక్కనికైన బాప్తిస్మ మీయనీయలేదు. కూలి యిచ్చు చేతితోనే మతమును గూడ ఇచ్చినచో రెండును చెడునని ఆయన తలచెను. సహాయము ముగిసిన తరువాత జనులు మరల గుంపులుగా వచ్చిరి. తనవద్ద ఇక ధనము లేదని ఆయన చెప్పగా, తాము ధనమునకై రాలేదని వారు బదులు చెప్పినట్లు, ఆయన మరణానంతరము 1914లో ప్రకటింపబడిన జీవితకథ తెలుపుచున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీళ్లలో నిలిచి దాని నిచ్చినవారు తెలుగు బోధకులే. ఆ దినమున దొర ఎవరికిని ఈయలేదు.

ఇది మిషనువారు చెప్పిన కథయే గదా యని చదువరులడుగవచ్చును. నిజమే. ఆ వేలమందిలో ప్రతివాని మనస్సును ఎవరు తూచగలరు? కృతజ్ఞతయు, ఆశయు, మర్యాదకై తపనయు విశ్వాసముతో కలిసియుండవచ్చును. అది లోపమని మేము తలపము. మనుష్యుడు తన్ను మనుష్యునిగా చూచినవాని దేవుని గూర్చి విచారించుట సహజమే. దోషమెల్ల, ఆ చూపును వెలకు అమ్మువానిది. క్లౌ దొర పదునైదు మాసములు ఆ వెలను పుచ్చుకొన నిరాకరించెను. ఆయన సత్క్రియలలో మేమెక్కువగా గౌరవించున దిదియే.

అయినను పని తీరలేదు. ఆంధ్ర క్రైస్తవ సంఘములలో మాల మాదిగ భేదము బాప్తిస్మ జలమున మునిగిపోలేదు. గుంటూరు లూథరను సంఘములలో మాలలును, ఒంగోలు బాప్తిస్టు సంఘములలో మాదిగలును అధికముగ నుండుటచే, మిషనుల హద్దులే కులముల హద్దులను నిలిపినవి. పల్లెనాడున పత్తిచేను పచ్చగా నున్నదని సంతోషించి ఊరకుండు రైతు లేడు. కాయ పగిలి దూది చేతికి వచ్చువఱకు వాని చూపు దానిపైననే యుండును. విశ్వాసమును గూర్చియు మన చూపట్లే యుండవలెను.

ఏ మతమువారమైనను మన వాకిట నిలిచిన అన్నార్తునకు పెట్టునపుడు, వాని కులమునో, మ్రొక్కునో, పొగడ్తనో వెలగా నడుగుచున్నామా యని ఒకమాఱు మనలను మనమే ప్రశ్నించుకొందము.