విన్నపమును వెన్నంటు వివరములు

పరీక్షా ఫలితములు వెలువడిన ఉదయమున వేలకొలది విద్యార్థులు ఒకే కంప్యూటరును తమ మార్కులు అడుగుదురు. ఒకరి మార్కులు వేరొకరికి చేరకుండ ఆ యంత్రము ఎట్లు జాగ్రత్తపడును? ఈ ప్రశ్న వెనుక మూడు దశాబ్దములకు పైబడిన చరిత్ర కలదు.

టిమ్ బెర్నర్స్‌లీ సెర్న్ పరిశోధనాలయములో రూపొందించిన హెచ్.టి.టి.పి. నియమావళి 1991 నాటికి మిక్కిలి సరళముగ నుండెను. ఫలానా పుట కావలెనని ఒక పంక్తిలో విన్నపము పోవును. పుట తిరిగి వచ్చును. అంతటితో సంబంధము తెగును. అడిగినదెవరో యంత్రమునకు జ్ఞాపకముండదు. 1994 లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటులీ కనిపెట్టిన 'కుకీ' ఈ లోపమును తీర్చినది. యంత్రము ఒకసారి ఇచ్చిన గుర్తుచీటిని బ్రౌజరు ప్రతి విన్నపముతోను మరల చూపును.

ఇంతకుముందే, 1993 లో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్.సి.ఎస్.ఏ. కేంద్రమున సి.జి.ఐ. పద్ధతి పుట్టినది. ఇందులో ప్రతి విన్నపమునకును ఒక కొత్త ప్రక్రియ మొదలగును. అడిగిన విధము, అడిగిన యంత్రపు చిరునామా మున్నగునవి దానికి ముందుగనే అందును. పని ముగియగనే అది అంతరించును. కనుక గందరగోళమునకు తావు లేదు. కాని ప్రతి పర్యాయము కొత్తగా ప్రారంభించుటలో కాలము వ్యర్థమగుచుండెను.

కాలము ఆదా చేయుటకై ఒకే ప్రక్రియను ఎడతెగక నడిపి, దానిలో 'త్రెడ్లు' అనువానిచే పలు విన్నపములను ఏకకాలమున తీర్చసాగిరి. త్రెడ్లన్నిటికి మెమరీ ఒక్కటే. ప్రమాదము ఇక్కడనే పొంచియున్నది. అడిగినవారి పేరును అందరికి ఉమ్మడియైన చోట వ్రాసితిమనుకొనుడు. లక్ష్మికి జవాబు సిద్ధమగుచుండగా రాజు విన్నపము వచ్చి, ఆమె పేరును చెరిపి తన పేరు నిలుపును. అప్పుడు రాజు మార్కులు లక్ష్మికి చేరును!

దీనికి విరుగుడుగా ప్రతి విన్నపమునకును వేరుగ ఒక దస్త్రము కట్టిరి. దీనినే 'రిక్వెస్ట్ కాంటెక్స్ట్' అందురు. కచేరిలో అర్జీ బల్ల నుండి బల్లకు పోవునపుడు ప్రతి గుమస్తాయు తన వ్రాతను చేర్చును గదా! అట్లే ప్రోగ్రాము వ్రాయువారు తమకు కావలసిన వివరములను ఈ దస్త్రమునకు చేర్చుకొనవచ్చును. 2005 లో వెలువడిన జాంగోలో విన్నపము చేతి నుండి చేతికి అందును. నడుమ 'మిడిల్‌వేర్' అడిగినవారెవరో దానికి జోడించును. 2010 లో ఆర్మిన్ రొనాకర్ వెలువరించిన ఫ్లాస్క్‌లో ప్రతి త్రెడ్డు తన దస్త్రమునే చూడగలదు. 'జి' అను అరలో సొంత వివరముల నుంచుకొందురు. జవాబు ముగిసిన పిదప అది తొలగిపోవును.

తరువాత ఒకే త్రెడ్డు అనేక విన్నపములను మార్చి మార్చి నడపు పద్ధతి వ్యాపించినది. త్రెడ్డును బట్టి దస్త్రమును గుర్తించుట ఇక చాలదయ్యెను. 2018 లో పైథాన్ 3.7 'కాంటెక్స్ట్ వేరియబుల్స్' అను సాధనమును సమకూర్చినది. దీనివలన ఒక పని నుండి వేరొక పనికి మారినపుడు దస్త్రమును దానితోడనే మారును.

విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి కలదు. ఉమ్మడి చోట పేరు వ్రాయు ప్రోగ్రాము ఒక్కరు పరీక్షించినపుడు చక్కగనే పనిచేయును. ఇద్దరు ఒకేసారి అడిగిననాడే దోషము బయటపడును. కావున ప్రోగ్రాము వ్రాసినవారు దానిని ఒంటరిగా పరీక్షించి తృప్తిపడరాదు.