అరకు కొండల మీదుగా తీగలేని వంతెనలు

1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేసినప్పుడు ఇంజనీర్లు తూర్పు కనుమలను 58 సొరంగాలతో తొలిచి, బైలదిల్లా ఇనుప ఖనిజానికి విశాఖ రేవు దాకా దారి కల్పించగలిగారు. రేడియో తరంగానికి అటువంటి సొరంగం తవ్వడం సాధ్యం కాదు కనుక, మన్యంలో తీగలేని సంబంధాల కోసం చేసే ప్రతి ప్రయత్నమూ ఏ శిఖరం నుంచి ఏ ఊరు కనబడుతుందన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

రెండు భవనాల మీద యాంటెన్నాలను ఎదురెదురుగా నిలిపి, వాటి మధ్య వైఫై సంకేతాన్ని సన్నని పుంజంగా పంపే ఏర్పాటును వైర్‌లెస్ బ్రిడ్జి అంటారు. దానికి ఒక కొన నుంచి మరో కొన కంటికి ఆనితే సరిపోదు. తరంగం దారి మధ్యలో వెడల్పై, ఫ్రెనెల్ మండలం అనే కోలాకారపు చోటును ఆక్రమిస్తుంది. 10 కిలోమీటర్ల బ్రిడ్జికి నడిమధ్యన ఈ మండలం వ్యాసార్థం 2.4 గిగాహెర్ట్జ్ వద్ద దాదాపు 18 మీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్ వద్ద 11 మీటర్లకు పైన ఉంటుంది. ఆ వ్యాసార్థంలో కనీసం 60 శాతం మేర ఏ అడ్డూ ఉండకూడదు. కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు ఏటేటా ఎదిగే అరకులో, ఈ ఏడు తెరిపిగా ఉన్న దారి కొన్నేళ్లకు మూసుకుపోవచ్చు. వానకు తడిసిన ఆకులైతే సంకేతాన్ని మరింతగా పీల్చుకుంటాయి.

ఇటువంటి బ్రిడ్జిల చరిత్రలో 2005 జనవరి నాటి కేంద్ర ఉత్తర్వుకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, నిర్ణీత శక్తి పరిమితికి లోబడి, ఆరుబయట సైతం లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని అది అనుమతించినందువల్లనే చిన్న సంస్థలు ఈ పనికి పూనుకోగలిగాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో అంత విస్తృతమైన వెసులుబాటు 2018 అక్టోబరులో గానీ రాలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన 'అశ్విని' పథకం దూరవిద్యనూ దూరవైద్యాన్నీ దీర్ఘదూర వైఫై ద్వారా పల్లెలకు చేర్చింది. డెల్టా నేల బల్లపరుపు కనుక అక్కడ కొబ్బరిచెట్ల తలలను దాటేటంత ఎత్తైన స్తంభాలు కావలసివచ్చాయి. మన్యంలో ఆ ఎత్తును కొండే ఇస్తుంది, కానీ శిఖరానికి కరెంటూ దారీ ఉండవు. పైగా ఆ కొండే తన వెనుక వాలులోని ఊళ్లను కప్పివేస్తుంది.

2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆల్ఫాబెట్ వారి 'ఎక్స్' సంస్థతో కలిసి, కాంతిపుంజంతో సమాచారాన్ని గాలిలో పంపే 2,000 లింకులను రాష్ట్రంలో నెలకొల్పనున్నట్లు ప్రకటించింది. కరెంటు స్తంభాల మీదుగా సాగిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ అందని ఖాళీలను పూరించడం దాని ఉద్దేశం. ఆకాశం నుంచి ఇంటర్నెట్ అందించే లూన్ బెలూన్ల కోసం రూపొందిన ఈ విద్య తరువాత 'తారా' పేరుతో, 20 కిలోమీటర్ల దూరానికి సెకనుకు 20 గిగాబిట్ల వేగాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. అయితే రేడియో తరంగాన్ని పెద్దగా బాధించని పొగమంచు కాంతిని చెదరగొడుతుంది. శీతకాలంలో అరకుకు యాత్రికులను రప్పించేదీ ఆ మంచే.

2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం అయిదు రాష్ట్రాల ఆకాంక్షిత జిల్లాలలోని 7,287 గ్రామాలకు 4జీ సేవలను ఆమోదించింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2023 జూన్‌లో రాష్ట్రంలో ప్రారంభమైన 100 టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అంతటితో వైర్‌లెస్ బ్రిడ్జి అవసరం తీరిపోలేదు. టవర్ సంకేతం అందని వాలులో ఆశ్రమ పాఠశాలనూ ఆరోగ్య కేంద్రాన్నీ గ్రామ సచివాలయాన్నీ కలపాలంటే మూడింటికీ కనబడే గట్టు మీద, సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే ఒక రిలేను నిలపాలి. కరెంటు లేని ఆ గట్టున దానికి సౌర ఫలకమే ఆధారం కనుక, నైరుతి వానలకు రోజుల తరబడి ఎండ రాని కాలాన్ని లెక్కగట్టి బ్యాటరీని ఎంచుకోవాలి.