అద్దం మీద గీసిన అడవి: 1933 కింగ్ కాంగ్ వెనక బొమ్మలోళ్లు

 

కింగ్ కాంగ్ పేరు మనందరం విన్నదే. పెద్ద గొరిల్లా, దాని చేతిలో అమ్మాయి, చివర్లో ఎత్తైన బిల్డింగు, చుట్టూ విమానాలు. తర్వాత రంగుల్లో, కంప్యూటర్లతో ఎన్నిసార్లు తీసినా అసలుది మాత్రం 1933లో అమెరికాలో వచ్చిన నలుపు తెలుపు సినిమానే. అందులో పుర్రె ఆకారం కొండతో ఒక దీవి, దాన్నిండా అడవి ఉంటాయి. ఆ అడవి ఎక్కడిది అనుకుంటున్నారు? చాలామట్టుకు స్టూడియోలో బల్లల మీద పేర్చిందీ, అద్దాల మీద కుంచెతో గీసిందీనే.

అప్పటి కాలం ఎలాంటిదో ముందు తెలియాలి. 1929 తర్వాత అమెరికాలో పెద్ద మాంద్యం. పంటకి ధర లేక అక్కడి రైతులు మొక్కజొన్నని పొయ్యిలో పెట్టి కాల్చుకున్న రోజులవి. ఈ సినిమాలో కూడా హీరోయిన్ మనకి మొదట కనపడేది పండ్ల కొట్టు దగ్గర, ఆకలికి ఆపిల్ దొంగిలించబోతూ. సినిమా తీసిన ఆర్‌కేవో కంపెనీ కూడా మునిగే స్థితిలోనే ఉంది. అలాంటి చోట డబ్బు పెట్టమంటే ఎవరు పెడతారు?

విల్లిస్ ఓ'బ్రయన్ అని ఒకాయన. పదకొండేళ్లకే ఇల్లు వదిలి పశువుల ఫారాల్లో పనికి కుదిరాడు. తర్వాత రాళ్లు చెక్కాడు, పత్రికలకి బొమ్మలేశాడు. బొమ్మని కొంచెం కదపడం, ఒక ఫోటో తీయడం, మళ్లీ కదపడం, మళ్లీ ఫోటో. ఇదీ ఆయన విద్య. సెకనుకి 24 ఫోటోలు కావాలి, అంటే నిమిషానికి 1440. లెక్కేసుకోండి ఎంత ఓపికో! ఆయన ఆర్‌కేవోలోనే 'క్రియేషన్' అని రాక్షసబల్లుల సినిమా మొదలుపెట్టాడు. ఏడాదిదాకా కష్టపడ్డాక, ఖర్చు ఎక్కువ, కథలో పస లేదు అని దాన్ని ఆపేశారు.

ఆపించింది మెరియన్ కూపర్. విచిత్రం ఏంటంటే, పని చేసేవాళ్లని మాత్రం ఆయన వదులుకోలేదు. తన మనసులో ఉన్న గొరిల్లా కథకి వీళ్లే కావాలనుకున్నాడు. మరి కంపెనీ పెద్దల్ని ఒప్పించాలి. నోటితో చెబితే నమ్మరు. అందుకని ముందు బొమ్మలు గీయించాడు. ఓ'బ్రయన్‌తో పాటు మారియో లారినాగా, బైరన్ క్రాబ్ అనే చిత్రకారులు గీశారు. బిల్డింగు మీద కాంగ్, అడవిలో కాంగ్, ఇలా. ఆ బొమ్మలూ, ప్రయోగంగా తీసిన చిన్న రీలూ చూశాకే డబ్బు కదిలింది. ఇంటి ప్లాను చూపించి లోను తెచ్చుకున్నట్టే అనుకోండి. నా లెక్కలో సినిమా పుట్టింది ఆ కాగితాల మీదే.

అడవికి వాళ్లు ఆదర్శంగా పెట్టుకున్నది ఫ్రాన్సుకి చెందిన గుస్తావ్ డోరే అనే పాతకాలపు చిత్రకారుణ్ణి. బైబిల్ కథలకి బొమ్మలేసినాయన. ఆయన బొమ్మల్లో దగ్గరి చెట్లు కాటుకలా నల్లగా, దూరంవి పలచబడి తెల్లగా ఉంటాయి. మనకిది కొత్తేం కాదు. పొగమంచు రోజు పొద్దున్నే పొలం వెళ్తే గట్టు మీది తాడిచెట్టు నల్లగా, అవతలి ఊరి చెట్లు పొగలా కనపడతాయి గదా, అదే.

దాన్నే వీళ్లు అద్దాలతో చేశారు. ముందు ఒక పెద్ద అద్దం, దాని మీద నల్లగా కొమ్మలు, తీగలు గీస్తారు. మధ్యలో ఖాళీ వదులుతారు. కొంచెం వెనక బల్ల మీద చిన్న చిన్న చెట్లు, రాళ్లు, అడుగున్నర కాంగ్ బొమ్మ. దాని వెనక ఇంకో అద్దం, ఇంకాస్త లేత రంగులో. అన్నిటికన్నా వెనక కొండలు, ఆకాశం. సురభి నాటకాల్లో ఒక తెర వెనక ఇంకో తెర దిగడం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కెమెరాకి మాత్రం అన్నీ కలిసిపోయి మైళ్ల కొద్దీ అడవిలా కనిపిస్తుంది. అసలు అద్దం మీద గీసి కెమెరా ముందు పెట్టే పద్ధతి 1907లోనే నార్మన్ డాన్ అనే ఆయన వాడాడు. అయితే అద్దాలని ఇలా పొరలుగా పెట్టి, వాటి మధ్య కదిలే బొమ్మని తిప్పడంలోనే వీళ్ల గొప్పతనం ఉంది.

ఇక్కడ మన రైతులకి నచ్చే ముచ్చట ఒకటుంది. ఆ బల్ల మీది అడవిలో కొన్ని నిజం మొక్కలు కూడా పెట్టేవాళ్లు. ఒకసారి అందులో ప్రిమ్‌రోజ్ అనే పూలమొక్క ఉందట. వీళ్లు కాంగ్‌ని కదుపుతూ రోజంతా ఫోటోలు తీస్తున్నారు, మొక్క మొగ్గ విప్పుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. తెర మీద వేసి చూస్తే గొరిల్లా పక్కన పువ్వు చకచకా విచ్చుకుంటోందట! ఒక రోజు పని మొత్తం పోయింది. మొక్క తన పని తాను చేసుకుంది, దాన్ని ఏమనగలం?

కాంగ్ బొమ్మ చేసినాయన మార్సెల్ డెల్గాడో. కిరాణా కొట్లో పనిచేస్తూ బొమ్మలు నేర్చుకుంటుంటే ఓ'బ్రయన్ చూసి పిలిచాడు. లోపల లోహపు ఎముకలు, పైన కుందేలు బొచ్చు. కదిపినప్పుడల్లా వేళ్లు తగిలి బొచ్చు చెదిరేది. తెర మీద చూసినవాళ్లు కాంగ్‌కి కోపమొచ్చి వెంట్రుకలు లేచాయి అనుకున్నారు.

దీవిలోని పెద్ద గోడ మాత్రం నిజంగా కట్టిందే. అదీ కొత్తది కాదు, 1927లో ఏసుక్రీస్తు మీద తీసిన 'కింగ్ ఆఫ్ కింగ్స్' సెట్టు. దాన్నే మార్చి వాడుకున్నారు. చివరికి 1938 డిసెంబరులో 'గాన్ విత్ ద విండ్' కోసం ఊరు తగలబడే సీను తీసేటప్పుడు దాన్నీ కాల్చేశారు.

సినిమా 1933 మార్చి 2న న్యూయార్కులో విడుదలైంది. నాలుగు రోజులకే దేశమంతా బ్యాంకులు మూసేశారు. అయినా జనం టికెట్ల కోసం వరసలు కట్టారు. పేరు కాంగ్‌కి వచ్చింది, కూపర్‌కి వచ్చింది. బొమ్మలు గీసిన లారినాగా, క్రాబ్‌ల పేర్లు మొదట్లో టైటిల్స్‌లో ఒక్కసారి పడతాయి, అదీ చిత్రకారులు అని కాదు, 'ఆర్ట్ టెక్నీషియన్లు' అని. ఇలాంటి పనికి ఆస్కార్‌లో అప్పటికి విభాగమే లేదు. ఓ'బ్రయన్‌ చేసిన పనికి ఆస్కార్ రావడానికి 1949 నాటి 'మైటీ జో యంగ్' దాకా ఆగాల్సి వచ్చింది.

సినిమా దొరికితే చూడండి. అడవి సీన్లలో గొరిల్లాని కాసేపు వదిలేసి, తెర అంచుల్లో ఉన్న నల్లటి కొమ్మల్ని చూడండి. గాలి వీచినా కదలవు.